సెమిస్టర్ నర్సింగ్‌లో మొదటి బ్యాచ్: నా అనుభవం

పరీక్ష రాయకుండా ఇంటర్ పాసైన బ్యాచ్ మాది. 2021లో కరోనా వల్ల ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ సెకండియర్ పరీక్షలు రద్దయ్యాయి. టెన్త్ మార్కులకు 30 శాతం, ఫస్టియర్ మార్కులకు 70 శాతం లెక్కగట్టి మెమోలు ఇచ్చారు. ఊరికే వచ్చిన పాసు అని మా ఊళ్లో చాలా రోజులు ఎగతాళి చేశారు. ఆ మెమోతోనే బీఎస్సీ నర్సింగ్‌లో చేరాను. చేరాక తెలిసిందేమిటంటే, కోర్సు కూడా సరిగ్గా మా బ్యాచ్ నుంచే మారిపోయిందని.

మాది ఉద్దానం, సోంపేట నుంచి లోపలికి వెళ్లాలి. మా వైపు బైపీసీ తీసుకున్న పిల్లకి అందరూ చెప్పే వరస ఒకటుంది. మొదట ఎంబీబీఎస్, రాకపోతే అగ్రికల్చర్ బీఎస్సీ, అదీ రాకపోతే ఫార్మసీ, ఏదీ కుదరకపోతే టెక్కలిలోనో పలాసలోనో మామూలు డిగ్రీ. నర్సింగ్ ఆ వరసలో ఉండదు. మా అమ్మకి నర్సంటే టీకాల డబ్బా భుజాన వేసుకుని వచ్చే ఏఎన్ఎం గారే. నాన్నకి ఇంకొంచెం తెలుసు. ఏఎన్ఎం రెండేళ్లు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. మూడేళ్లలో అయిపోయేదానికి నాలుగేళ్లు ఎందుకు అన్నది ఆయన లెక్క. మా దూరపు చుట్టం ఒకావిడ స్టాఫ్ నర్సుగా చేస్తారు. నాన్న ఫోన్ చేస్తే ఆవిడ ఒకటే మాటన్నారట: "అన్నయ్యా, జీఎన్ఎం చేసినవాళ్లం మళ్లీ రెండేళ్లు పోస్ట్ బేసిక్ చేసి బీఎస్సీ అనిపించుకుంటున్నాం. ఎంఎల్‌హెచ్‌పీ పోస్టులకు డిగ్రీయే అడుగుతున్నారు. ఆ ఒక్క ఏడాది గురించి చూడకండి." విలేజ్ క్లినిక్‌లో కూర్చునే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌నే ఎంఎల్‌హెచ్‌పీ అంటారు. మా ఊరి క్లినిక్‌లో అప్పటికే ఒకమ్మాయి చేరింది, గవర్నమెంటు జీతం. నాన్న ఇక మాట్లాడలేదు.

కన్వీనర్ కోటాలో శ్రీకాకుళం దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో సీటు వచ్చింది. పేరు చెప్పను. చెప్పబోయేవాటిలో కొన్ని వాళ్లకు నచ్చవు, పైగా నా సర్టిఫికెట్ల పని ఇంకా పూర్తిగా తెమలలేదు.

2022లో క్లాసులు మొదలయ్యాయి. హాస్టల్లో సామాను పెట్టగానే అందరూ చేసే పనే నేనూ చేశాను, సెకండియర్ అక్కల దగ్గరికి నోట్సుల కోసం వెళ్లాను. "అవి మీకు పనికిరావే, మీది కొత్త రెగ్యులేషన్" అన్నారు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్ 2021 జూలైలో గెజిట్‌లో వచ్చింది, 2021–22లో చేరినవాళ్ల నుంచి అమలు. అక్కలకు ఏడాదికోసారి పరీక్ష, మాకు ఎనిమిది సెమిస్టర్లు. వాళ్లకు మార్కులు, మాకు మార్కులతో పాటు క్రెడిట్లు, గ్రేడ్ పాయింట్లు. ఫస్టియర్‌లో వాళ్లు ఏడాది పొడుగునా చదివింది మాకు రెండు ముక్కలైంది. పుస్తకాలు కూడా మార్కెట్లోకి పూర్తిగా రాలేదు. మొదటి కొన్ని నెలలు మేడమ్‌లు గెజిట్ పీడీఎఫ్ ప్రింటవుట్ చేతిలో పట్టుకుని క్లాసు చెప్పేవారు. "మనందరం కలిసే నేర్చుకుందాం" అని ఒక మేడమ్ నవ్వుతూ అనేవారు. మాకు అప్పుడు నవ్వొచ్చేది కాదు.

మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్, అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్. అనాటమీ, ఫిజియాలజీ కలిపి ఒకే పేపర్. 75 మార్కుల్లో అనాటమీకి 37, ఫిజియాలజీకి 38. ఆ ఒక్క మార్కు ఫిజియాలజీకి ఎందుకు ఎక్కువిచ్చారని హాస్టల్లో పెద్ద చర్చే జరిగింది. 75ని సమానంగా పంచలేం కదా అని ఎవరికీ తట్టలేదు, అంత టెన్షన్‌లో ఉన్నాం.

అసలు కష్టం భాషది. టెన్త్ వరకు నాది తెలుగు మీడియం. ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియం అని పేరేగానీ సార్లు తెలుగులోనే చెప్పేవారు, మేం ఇంగ్లిష్‌లో బట్టీపట్టేవాళ్లం. ఇక్కడ అలా నడవదు. రూల్ ప్రకారం ఇంగ్లిష్ సబ్జెక్టు పాసవడానికి 40 శాతం చాలు, మిగతావాటికి 50 రావాలి. ఆ మిగతావన్నీ కూడా ఇంగ్లిష్‌లోనే రాయాలి మరి! కాళ్లూ చేతుల ఎముకల పేర్లు తెలుగు అక్షరాల్లో రాసి మంచం పక్కన గోడకు అంటించుకున్నాం. వార్డెన్ చింపేసేది, మళ్లీ అంటించేవాళ్లం. నాతో చేరినవాళ్లలో మానేసిన అమ్మాయిలు దాదాపు అందరూ మొదటి సెమిస్టర్‌లోనే మానేశారు. వాళ్లు తెలివి తక్కువవాళ్లేం కాదు. పాత పద్ధతిలో అయితే ఏడాది చివర్లో పరీక్ష కాబట్టి భాష పట్టుబడటానికి అంత సమయమైనా దొరికేది. సెమిస్టర్‌కి 20 వారాల పాఠాలు, వెంటనే పరీక్ష. ఈ మార్పు చేసినవాళ్లు తెలుగు మీడియం పిల్లని తలుచుకుని చేయలేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

క్రెడిట్ల లెక్క మాకు అర్థమయ్యేసరికి రెండో సెమిస్టర్ వచ్చింది. క్లాసులో 20 గంటలు కూర్చుంటే ఒక క్రెడిట్. స్కిల్ ల్యాబ్‌లో 40 గంటలు చేస్తే ఒక క్రెడిట్. వార్డులో 80 గంటలు డ్యూటీ చేస్తే ఒక క్రెడిట్. అంటే కూర్చుని విన్నదానికి వచ్చే క్రెడిట్, నిలబడి చేసినదానికి రావాలంటే నాలుగింతలు నిలబడాలి. వార్డులో నేర్చుకునేది నెమ్మదిగా వస్తుంది కాబట్టి ఎక్కువ గంటలు పెట్టారని మేడమ్ వివరించారు. అయ్యుండొచ్చు. చివరి సెమిస్టర్ ఇంటర్న్‌షిప్‌లో అది ఇంకా పెరుగుతుంది. వారానికి 48 గంటల చొప్పున 22 వారాలు, మొత్తం 1,056 గంటలకు 12 క్రెడిట్లు. అంటే 88 గంటలకు ఒకటి. ఈ అంకెలు నాకు ఇంత బాగా ఎందుకు గుర్తున్నాయంటే, నైట్ డ్యూటీలో కునుకు పట్టకుండా మేం ఇవే లెక్కలు వేసుకునేవాళ్లం. "ఈ రాత్రికి ఎంత క్రెడిటే?" "పదో వంతు కూడా లేదు, పడుకో."

కొత్త పద్ధతిలో నాకు నిజంగా నచ్చింది ఓస్కీ. ప్రాక్టికల్ పరీక్షని చిన్న చిన్న స్టేషన్లుగా విడగొడతారు. ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని, గంట కొట్టగానే పక్క స్టేషన్‌కి వెళ్లాలి. ఎగ్జామినర్ చేతిలో చెక్‌లిస్టు ఉంటుంది. చేతులు కడిగావా, పేరు అడిగావా, పేషెంటుకి చెప్పి చేశావా, ప్రతిదానికీ టిక్కు. పాత పద్ధతిలో మేడమ్‌కి నువ్వంటే ఇష్టమా కాదా అన్నదాని మీద సగం మార్కులు ఆధారపడేవని సీనియర్లు చెప్పేవారు. చెక్‌లిస్టు ముందు ఆ బాధ కొంత తగ్గింది.

ఒక ఓస్కీ మాత్రం మర్చిపోలేను. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో పేషెంటుకి వివరించే స్టేషన్ అది. పేషెంటుగా మా కాలేజీ ఆయమ్మని కూర్చోబెట్టారు. ఆవిడకి ఏం అడగాలో, ఎంతవరకు మాట్లాడాలో ముందే చెప్పారు. నేను వెళ్లి నమస్కారం చేసి, పేరు అడిగి, పొట్ట మీద ఎక్కడెక్కడ వేసుకోవచ్చో, రోజూ ఒకే చోట ఎందుకు పొడుచుకోకూడదో, సీసా ఎక్కడ పెట్టుకోవాలో వరసగా చెప్పుకుపోతున్నాను. టిక్కులు పడుతున్నాయి. ఆయమ్మకి నిజంగానే సుగర్ ఉంది. ఉన్నట్టుండి నాటకం మర్చిపోయి, "మరైతే అమ్మా, నాను శనివారం ఉపాసం ఉంతాను కదా, ఆ దినం కూడా ఏసుకోవాలేటి?" అంది.

చెక్‌లిస్టులో అది లేదు. ఎగ్జామినర్ తలెత్తి నన్ను చూశారు. తినకుండా అదే మోతాదు వేసుకుంటే సుగర్ పడిపోతుంది, ఒళ్లు చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి, అలాగని సొంతంగా మానేయడం కూడా మంచిది కాదు, ఉపవాసం సంగతి డాక్టరుకి ముందే చెప్పి మోతాదు అడగాలి అని చెప్పాను. "అయితే నేను ఇన్నాళ్లూ..." అని ఆవిడ మొదలుపెట్టేసరికి గంట మోగింది. పక్క స్టేషన్‌కి వెళ్లిపోవాలి, అదే రూలు. సాయంత్రం ఆయమ్మ హాస్టల్‌కి వచ్చి మిగతా మాట పూర్తి చేసింది. శనివారాలు తనకు ఎందుకు కళ్లు తిరుగుతున్నాయో ఆవిడకి ఆ రోజే అర్థమైందట. ఆ స్టేషన్‌లో నాకు ఎన్ని మార్కులు వచ్చాయో గుర్తులేదు.

మూడో సెమిస్టర్ నుంచి సబ్జెక్టులు గట్టిపడ్డాయి. ఫార్మకాలజీ, పాథాలజీ రెండు సెమిస్టర్లకి పంచారు. మూడోదాంట్లో కాలేజీ స్థాయిలోనే పరీక్ష, నాలుగోదాంట్లో జెనెటిక్స్‌తో కలిపి యూనివర్సిటీ పేపర్. ఫార్మకాలజీకి 38, పాథాలజీకి 25, జెనెటిక్స్‌కి 12. మూడు సబ్జెక్టులు మూడు గంటల్లో. ఫార్మకాలజీలోనే మందులు రాయడం గురించి ప్రత్యేకంగా ఒక మాడ్యూల్ కూడా పెట్టారు. ముందుముందు నర్సులు కూడా కొన్ని మందులు రాయొచ్చన్న ఆలోచనతో పెట్టారట. అది చదివిన వారమే వార్డులో ఒక పేషెంటుకి పారాసిటమాల్ ఇద్దామా సార్ అని అడిగితే, హౌస్ సర్జన్ నన్ను ఎగాదిగా చూశాడు.

ఇక ఎలక్టివ్‌లు. కాగితం మీద చాలా బాగుంటాయి. డయాబెటిస్ కేర్, సాఫ్ట్ స్కిల్స్, హ్యూమన్ వాల్యూస్ లాంటి వాటిలోంచి విద్యార్థి తనకు నచ్చింది ఎంచుకోవాలి. మా కాలేజీలో ఎవరికి ఖాళీ ఉంటే ఆ మేడమ్‌కి వచ్చిన సబ్జెక్టే మా అందరికీ నచ్చింది! పీరియడ్లకి ఖర్చు లేకుండా, రిజిస్టర్‌లో గంటలు నిండేలా.

రిజిస్టర్ల గురించి ఇంకా చెప్పాలి. కొత్త పద్ధతిలో ప్రతిదానికీ లాగ్‌బుక్ ఉంది. ఇన్ని ఇంజెక్షన్లు, ఇన్ని క్యాథెటర్లు, ఇన్ని డ్రెస్సింగ్‌లు, ప్రతిదాని పక్కనా సంతకం. థియరీకి హాజరు 80 శాతం ఉంటే పరీక్షకి కూర్చోనిస్తారు. ప్రాక్టికల్స్‌కి మాత్రం డిగ్రీ చేతికి రావాలంటే నూటికి నూరు శాతం పూర్తి చేయాలి. మంచి రూలే. కానీ ఒక పెద్దాసుపత్రి లేబర్ రూమ్‌కి రెండు మూడు కాలేజీల పిల్లలు ఒకే నెలలో పోస్టింగ్‌కి వస్తే ఏమవుతుంది? ఒక కాన్పు చుట్టూ తెల్ల యాప్రాన్లు గుంపుకడతాయి. నొప్పులు పడుతున్న ఆ తల్లి "ఓలమ్మో, ఇంతమందేటి" అని ఏడ్చింది ఒకసారి. మా స్టాఫ్ నర్సు గారు అందరినీ బయటికి తోలేసి ఇద్దరినే ఉంచారు. ఆ ఇద్దరిలో నేను లేను, ఆవిడ చేసింది మాత్రం సరైన పనే. సెమిస్టర్ ముగిసేటప్పుడు మాత్రం లాగ్‌బుక్ నిండాలి. చూసినవాటిని చేసినట్టు రాసుకోండి అని పైనుంచి మాట వచ్చేది. నర్సింగ్ కాలేజీకి సొంతంగా 100 పడకల ఆసుపత్రి ఉండాలని కొత్త నిబంధనల్లో పెట్టింది ఈ రద్దీ తగ్గాలనే అనుకుంటాను. పడకలు ఉంటే చాలదు కదా, వాటిలో పేషెంట్లు ఉండాలి. ఆరోగ్యశ్రీ కేసులన్నీ పెద్ద ఆసుపత్రులకే పోతుంటే చిన్న ఆసుపత్రుల్లో పక్క దుప్పట్లు నలగవు.

నాలుగో సెమిస్టర్‌లో అడల్ట్ హెల్త్ నర్సింగ్ రెండో భాగం. అందులో కిడ్నీ జబ్బులు. మిగతా అమ్మాయిలకు అదొక యూనిట్, నాకు మా వీధి. ఉద్దానంలో పుట్టిన ఎవర్ని అడిగినా ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక కిడ్నీ పేషెంటు ఉంటాడు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస, ఈ మండలాల్లో జీడి, కొబ్బరి తోటల్లో పనిచేసుకునే మనుషులకి బీపీ, సుగర్ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. నీళ్లా, ఎండా, ఇంకేమన్నానా అని ఎన్నో పరిశోధనలు జరిగాయి. కారణం ఇదీ అని తేల్చి చెప్పినవాళ్లు లేరు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు వచ్చాయి. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి నెలకి పది వేల పింఛను వస్తుంది. మా పెదనాన్న ఇవేవీ రాకముందే పోయాడు.

డయాలసిస్ యూనిట్‌లో పోస్టింగ్ పడింది. మొదటి రోజు నాకు అప్పగించిన పేషెంటు కవిటి దగ్గర మనిషి, కొబ్బరి చెట్లెక్కే పని చేసేవాడు. ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. ధమనిని సిరతో కలిపి కుట్టే ఆపరేషన్ అది, సూది గుచ్చడానికి పెద్ద రక్తనాళం దొరకాలని చేస్తారు. నేను బీపీ మిషన్ తీసి చుట్టబోతే నాకంటే ముందే కుడి చెయ్యి చాపాడు. "ఈ సెయ్యి ముట్టనీను తల్లీ, ఇదే నా పేణం" అన్నాడు. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు అని నేను పరీక్షలో రాసిన వాక్యమే. ఆయన నోటి నుంచి వింటే వేరుగా ఉంది. తర్వాత నా వేళ్లు తీసుకుని తన చేతి మీద పెట్టుకున్నాడు. "సూడు, సెల్లు సైలెంట్‌లో పెడితే కొట్టుకున్నట్టు ఉంతాది. ఇది ఆగిపోయిందంటే లెగిసి వచ్చీమన్నారు డాక్టరు గారు." నిజంగానే వేళ్ల కింద సన్నగా వణుకుతోంది. దాన్ని పుస్తకంలో థ్రిల్ అంటారు. రోజూ పొద్దున్న లేవగానే ఆయన చేసే మొదటి పని అది చూసుకోవడమేనట.

నాలుగు గంటల డయాలసిస్‌లో ఆయన నాకు చాలా చెప్పాడు. రెండు డయాలసిస్‌ల మధ్య బరువు ఎంత పెరిగితే ఆయాసం వస్తుందో, వేసవిలో దాహం ఎలా ఆపుకోవాలో, ఐసు ముక్క చప్పరిస్తే గ్లాసు నీళ్లు తాగే పని ఎలా తప్పుతుందో, పెళ్లి భోజనంలో ఏవి వదిలేయాలో. నేను రాసుకున్నాను. తర్వాత యూనిట్‌లో కొత్తగా డయాలసిస్ మొదలుపెట్టిన ఒక చిన్న కుర్రాడికి అవే మాటలు అదే యాసలో చెప్పాను. మేడమ్ వెనక నిలబడి విన్నారు. సెమినార్‌లో ఆ కేసే ప్రెజెంట్ చేయమన్నారు, ఇంగ్లిష్‌లో. ఆ ఇంగ్లిష్ నాకు మొదటిసారి కష్టం అనిపించలేదు.

కమ్యూనిటీ పోస్టింగ్ మందస వైపు కొండ దిగువ ఊళ్లలో. కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు సవర తప్ప మాట్లాడరు. ఇంకొన్ని చోట్ల ఒడియా. మేం తెలుగులో ప్రశ్నపత్రం తయారుచేసుకుని వెళితే, ఆశా కార్యకర్త ప్రతి ప్రశ్నా తర్జుమా చేసి, జవాబు కూడా తనే చెప్పేసేది, ఆ ఇంటి సంగతి ఆవిడకి అంత తెలుసు. విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీ ఏం చేయాలో ఈ కొత్త సిలబస్‌లో కమ్యూనిటీ హెల్త్‌లోనే కలిపారు. ఆ పని ఆశ లేకుండా జరగదని మాత్రం సిలబస్ చదివితే తెలియదు.

ఈ మధ్యలో మా యూనివర్సిటీ పేరు కూడా మారింది. 1986లో విజయవాడలో పెట్టిన ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి 2022లో వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరు వచ్చింది. మా మార్కుల మెమోలు రెండు పేర్లతో ఉంటాయి. విదేశాలకి పంపే ఏజెంట్ ఒకడు వాటిని చూసి, "రెండు యూనివర్సిటీల్లో చదివావా అమ్మా?" అని అడిగాడు.

ఇంటర్న్‌షిప్ గురించి ఎక్కువ చెప్పను. అడల్ట్ హెల్త్‌కి ఆరు వారాలు, కమ్యూనిటీ, పిల్లలు, మానసిక ఆరోగ్యం, ప్రసూతి తలా నాలుగు వారాలు. పొద్దున్న, సాయంత్రం, రాత్రి షిఫ్టులు. పేరుకి విద్యార్థులం, పనికి స్టాఫ్. కొన్ని వార్డుల్లో మేం రాకపోతే డ్యూటీ చార్టే ఉండేది కాదు. నేర్చుకున్నది మాత్రం ఎక్కువగా అక్కడే.

నేను ఫైనల్‌లో ఉండగా మా పిన్ని కూతురు ఇంటర్ బైపీసీ అయింది. "అక్కా, నర్సింగా, డయాలసిస్ కోర్సా?" అని అడిగింది. ఉద్దానంలో డయాలసిస్ టెక్నీషియన్‌కి పని దొరకదన్న భయం లేదు. రెండేళ్ల డిప్లొమా చేసేస్తే చాలని పిన్ని పట్టుబట్టింది. దానికోసం కొంచెం వాకబు చేశాను. నర్సులకి కౌన్సిల్ చట్టం 1947లోనే వచ్చింది, టెక్నీషియన్లకి, ఫిజియోథెరపిస్టులకి దేశం మొత్తానికి అలాంటిది ఉండేది కాదు. 2021లో చట్టం చేసి కమిషన్ పెట్టారు. అనుబంధ ఆరోగ్య వృత్తి అనిపించుకోవాలంటే చదువు కనీసం 2,000 గంటలు ఉండాలని, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే డిగ్రీ, 3,600 గంటలు ఉండాలని ఆ చట్టంలో ఉంది. 2025లో డయాలసిస్, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ లాంటి కోర్సులకి ఒకే రకం సిలబస్ కూడా విడుదల చేశారు. అదే ఏడాది జూలై నుంచి ఈ చట్టం కిందికి వచ్చే కోర్సులు దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేయకూడదని యూజీసీ చెప్పింది. సైకాలజీ, న్యూట్రిషన్ కూడా అందులోకే వస్తాయి. వీటన్నిటి తర్వాత పిన్నికి చెప్పింది ఒకటే. డిగ్రీయే చేయించు, కాలేజీ ఎంచుకునే ముందు దాని ఆసుపత్రికి ఒక మంగళవారం పొద్దున్న వెళ్లి ఎన్ని మిషన్లు నడుస్తున్నాయో కళ్లతో చూడు. ఇన్‌స్పెక్షన్ రోజు కాకుండా ఇంకేదైనా రోజు. మంగళవారం నేను ఊరికే అన్నాను గానీ పిన్ని నిజంగానే మంగళవారం వెళ్లింది. రెండు కాలేజీలు చూసి, ఒకదాని పేరు తీసేసింది.

నర్సులకి కూడా 2023లో కొత్త చట్టం వచ్చింది, పాత 1947 చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ వస్తుంది. అంటే మా జూనియర్లకి మళ్లీ ఏదో ఒకటి మారుతుంది. వాళ్లు నా నోట్సులు అడుగుతున్నారు. ఇస్తున్నాను, పనికొచ్చినన్నాళ్లు పనికొస్తాయి.

కోర్సు అయ్యాక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, దాంతోపాటు దేశమంతటా చెల్లే నర్సు ఐడీ నంబరు. కాగితాలు పట్టుకుని ఆమదాలవలసలో రాత్రి రైలెక్కి విజయవాడ వెళ్లొచ్చాను. పేరు వెనక ఆర్ఎన్, ఆర్ఎం (రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్) వచ్చాయి. నాన్న ఆ కార్డు ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు.

ప్రభుత్వ పోస్టుల నోటిఫికేషన్ వచ్చేదాకా శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇంటర్వ్యూకి వెళ్లాను. ప్రైవేటు ఆసుపత్రుల్లో, 50 పడకలలోపు చిన్నవాటిలో కూడా, నర్సుకి నెలకి 20 వేలకి తగ్గకూడదని కేంద్రం వేసిన నిపుణుల కమిటీ 2016లోనే సిఫార్సు చేసింది. ఆ మాట అక్కడ నేను ఎత్తాను. మేనేజర్ గారు, "అవన్నీ ఢిల్లీ మాటలమ్మా" అన్నారు. ఆ 20 వేలలో సగం కంటే కొంచెం ఎక్కువ చెప్పారు. బేరమాడితే ఇంకో వెయ్యి పెంచి, హాస్టల్ ఫ్రీ అన్నారు.

ఫైల్లో ఎనిమిది సెమిస్టర్ల మెమోలు, క్రెడిట్ల ట్రాన్‌స్క్రిప్టు, మాడ్యూళ్ల సర్టిఫికెట్లు అన్నీ వరసగా సర్దుకుని వెళ్లాను. నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ రిజిస్ట్రేషన్ కార్డు ఒక్కటీ చూసి ఫైలు మూసేశారు. "ముసలాళ్లకి, పసిపిల్లలకి కాన్యులా ఒక్క పోటుతో పెట్టగలవా?" అని అడిగారు. సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నని గొట్టం అది. పెద్దవాళ్లకి పెడతాను, పసిపిల్లలకి పక్కన ఒకరుంటే పెడతాను అన్నాను. డయాలసిస్ యూనిట్‌లో ఖాళీ ఉందని, సోమవారం నుంచి రమ్మని చెప్పారు.